తుమ్మెదపల్లెకు దారి

జూన్ 23, 2025. సోమవారం

ఇవాళ్టి నుంచి నేను కంప్లైంట్ల ఫోన్ ఎత్తక్కర్లేదు. పది నెలలు ఎత్తాను. ఎర్ర లైటు వెలుగుతోందా, పచ్చ లైటు వెలుగుతోందా, ఒకసారి మోడెం ఆపి మళ్ళీ వేయండి. నిద్రలో కూడా ఇవే మాటలు అంటున్నానని అమ్మ చెప్పింది.

రవిశంకర్ సార్ పొద్దున్నే కేబిన్‌లోకి పిలిచారు. ప్రొద్దుటూరులో మా ఇంటర్నెట్ ఆఫీసు ఓనరు ఆయనే. పులివెందుల లైన్లు పోయినేడు కలుపుకున్నారు. జమ్మలమడుగు లైన్లు ఈ నెలలో. ఇప్పుడు మూడు ఊళ్ళ నెట్‌వర్కులూ ఒకే పెద్ద రౌటర్ కిందికి రావాలి. హైదరాబాదు వాళ్ళను పిలిపిద్దామనుకున్నారట. కాలేజీలో నువ్వు చదివింది ఇదే కదమ్మా హరిణీ, చేస్తావా అన్నారు. ఆయన అడగడం పూర్తికాకముందే చేస్తానన్నాను.

ఒక షరతు ఉంది. అది సార్‌ది కాదు, జమ్మలమడుగు లైన్లు మాకు అప్పజెప్పిన అజ్మతుల్లా గారిది. ఆయన ఎనిమిది ఊళ్ళలో ఏ ఊరికీ ఒక దినం మించి నెట్ ఆగకూడదు. పద్దెనిమిదేళ్ళలో ఆయన ఆపలేదట. ఆగితే పని హైదరాబాదు వాళ్ళకు, నేను మళ్ళీ ఫోన్ల కుర్చీకి. సార్ నవ్వుతూనే చెప్పారు. ఆయన నవ్వుతూ చెప్పినవే జరుగుతుంటాయి.

జూన్ 24

రౌటర్ అంటే ఏమిటో అమ్మకు చెప్పబోయాను. పోపు మాడుతోంది, పక్కకు జరగమంది.

జూన్ 26. గురువారం

జమ్మలమడుగు వెళ్ళివచ్చాను. బస్టాండుకు దగ్గర్లో ఒక మేడ మీది గది. అజ్మతుల్లా గారు చెప్పులు బయట విడిచి లోపలికి పోతారు, నేనూ విడిచాను. రౌటర్ల మీద ఉతికిన తెల్లగుడ్డ కప్పి ఉంది, పెళ్ళివంటల గిన్నెల మీద కప్పినట్టు. అరవై దాటి ఉంటాయి ఆయనకు. కేబుల్ టీవీతో మొదలుపెట్టారట. రౌటర్ పని ఎక్కడా చదువుకోలేదు.

పొడుగాటి నోటుపుస్తకం ఒకటి తీసి ముందు పెట్టారు. ఎనిమిది ఊళ్ళ పేర్లు, ఒక్కో ఊరికి ఒక్కో నెంబరు. 10.20.0, 10.20.1, అలా 10.20.7 దాకా. ఏ లెక్కన ఇచ్చారని అడిగితే బస్సు లెక్కన అన్నారు. ఈడ బస్సెక్కితే మొదట దిగే ఊరు సున్నా, దాని తర్వాతది ఒకటి, ఇట్ల ఏడు దాకా. ఫలానా నెంబరు పడిపోయిందంటే లైన్‌మన్ యాడ దిగాల్నో పుస్తకం చూడకుండానే తెలుస్తాది కదమ్మా అన్నారు.

నాకు ఆయన కాళ్ళకు మొక్కాలనిపించింది. కాలేజీలో మాకు సగం సెమిస్టర్ చెప్పింది ఇదే. నెంబర్లు వరసగా ఇచ్చుకుంటూ పోతే, తర్వాత వాటినన్నిటినీ ఒక్క లైనులోకి కుదించవచ్చు. సమ్మరైజేషన్. మొదటి ఊరికి ఈ దారి, రెండో ఊరికి ఈ దారి అని ఎనిమిదిసార్లు చెప్పకుండా, ఈ ఎనిమిదీ జమ్మలమడుగు వైపే అని ఒక్కసారి చెప్పడం. పెద్ద పెద్ద కంపెనీల్లో కూడా నెంబర్లు ఇంత శుభ్రంగా ఉండవు. ఈయన బస్సు కిటికీలోంచి చూసి చేశారు.

పుస్తకంలో పేర్లు రాసుకొచ్చాను. ఆరో నెంబరు తుమ్మెదపల్లె. పేరు బాగుందనుకున్నాను. ఇంకేమీ అనుకోలేదు.

జూన్ 30. సోమవారం

ఆఫీసులో నేలమీద మూడు పాత రౌటర్లు పరిచి ప్రాక్టీస్ చేస్తున్నాను. చిక్కు ఏమిటంటే జమ్మలమడుగు రౌటర్లు మాట్లాడేది EIGRP, మావి OSPF. ఒకదాని మాట ఒకదానికి అర్థం కాదు. మధ్యలో ఒక రౌటర్‌కు రెండూ నేర్పించి, అక్కడి దారులు ఇక్కడ, ఇక్కడి దారులు అక్కడ చెప్పించాలి. రీడిస్ట్రిబ్యూషన్.

జమ్మలమడుగు దారులు ప్రొద్దుటూరుకు వచ్చేశాయి. ప్రొద్దుటూరు దారులు మాత్రం అటు పోలేదు. రెండు గంటలు కొట్టుకున్నాను. కేబుల్ మార్చాను. రౌటర్ మార్చాను. ఏడుపొచ్చింది.

అజ్మతుల్లా గారు ఏవో సంతకాలకని వచ్చారు. నేలమీది సామాను చుట్టూ జాగ్రత్తగా నడిచి, నా స్క్రీన్ చూసి, దావ చెప్పినావు సరే, ఎంత దూరమో చెప్పినావా అని అడిగారు. మెట్రిక్. ఇవ్వలేదు. ఎంత దూరమో చెప్పకుండా ఊరుండాది పోండి అంటే ఎవురు పోతారమ్మా, ఈ పాత రౌటర్లు మనకన్నా తెలివైనవి అన్నారు. అయిదు అంకెలు టైప్ చేశాను. దారులన్నీ వరసగా దిగిపోయాయి.

థాంక్స్ సార్ అన్నాను. చక్కెర లేకుండా టీ చెప్పమన్నారు.

జూలై 3. గురువారం

ఏ ఊరికి ఎటు దారో చెప్పే పాత లైన్లన్నీ కొత్త రౌటర్‌లోకి ఎక్కిస్తున్నాను. జమ్మలమడుగు కలిపిన రోజు అజ్మతుల్లా గారు తాత్కాలికంగా చేత్తో రాసినవాటితో కలిపి మొత్తం నలభై మూడు. అందులో ఒకటి తప్పుంది. తుమ్మెదపల్లెది, 10.20.6. మిగతా ఏడు ఊళ్ళకూ దారి జమ్మలమడుగు వైపు చూపిస్తుంటే ఇది ఒక్కటి పులివెందుల వైపు చూపిస్తోంది. ఎటు నుంచి ఎటు! కళ్ళజోడు లేకుండా టైప్ చేసి ఉంటారు.

ఫోన్ చేసి అడుగుదామనుకున్నాను. మళ్ళీ వద్దనిపించింది. అంత చేసిన మనిషిని ఒక లైను కోసం నిలదీసినట్టు ఉంటుంది. ఆ లైను ఎక్కించలేదు, ఎవరికీ చెప్పలేదు. పెద్దాయన పరువు కాపాడానని కాసేపు మురిసిపోయాను కూడా.

జూలై 7. సోమవారం

నిన్న పీర్ల పండగ. అజ్మతుల్లా గారి ఇంటి నుంచి మలీద వచ్చింది. అమ్మ కొంచెం నాలుక మీద వేసుకుని, యాలకులు సరిగ్గా పడ్డాయంది. అమ్మ నోటి నుంచి అది చాలా పెద్ద మాట.

మార్చే రోజు ఖాయమైంది. పదమూడో తేదీ ఆదివారం, తెల్లవారుజామున ఐదు. రాత్రి చేద్దామని నేనంటే అజ్మతుల్లా గారు ఒప్పుకోలేదు. రాత్రంతా సెల్లులు చూస్తానే ఉంటారు పాపా, తెల్లారుజామున ఒక్క గంటే జనం పండుకునేది అన్నారు. గ్రాఫ్ తీసి చూశాను. ఐదు గంటల దగ్గర గీత నేలకు అంటుకుని ఉంది. గ్రాఫ్ లేకుండానే ఆయనకు ఎలా తెలుసో.

జూలై 13. ఆదివారం. పొద్దున 6.40

అయిపోయింది!

ఐదింటికి మొదలుపెట్టి ఐదూ నలభైకి ముగించాను. నలభై మూడు లైన్లు మూడయ్యాయి. ప్రొద్దుటూరు ఒకటి, జమ్మలమడుగు ఒకటి, పులివెందుల ఒకటి. ఎవరైనా ఆ స్క్రీన్‌ను ఫ్రేమ్ కట్టించి ఇస్తే గోడకు తగిలిస్తాను. పులివెందుల వైపు నుంచి వేరే నెంబర్లు ఏవీ పొరపాటున జొరబడకుండా ఫిల్టర్ కూడా పెట్టాను, కాలేజీ పుస్తకంలో చెప్పినట్టే.

సార్ లుంగీతోనే ఆఫీసుకు వచ్చి చూశారు. బాగుందన్నారు. ఆయన ఆ మాట ఇదివరకు ఏసీ గురించి మాత్రమే అన్నారు.

నాకు చదువు చెప్పినవాళ్ళకు, ఈ పని ఇచ్చిన సార్‌కు, బస్సు నెంబర్ల అజ్మతుల్లా గారికి, నాలుగింటికే లేచి కాఫీ పెట్టిచ్చిన అమ్మకు. ఎక్కడ మొక్కాలో తెలియక ఇక్కడ రాసుకుంటున్నాను.

అదే రోజు సాయంత్రం

ఒక్క ఫోనూ రాలేదు.

జూలై 14. సోమవారం

ఒకటి వచ్చింది. తుమ్మెదపల్లె నుంచి మైమూన్ అట. అక్కడ ఆన్‌లైన్ సెంటర్ నడుపుతుంది, సర్టిఫికెట్లు, అప్లికేషన్లు. ఊరంతా నెట్ లేదు మేడం, లైట్లన్నీ పచ్చగానే ఉండాయి, ఏదీ తెరుసుకోలే అని చెప్పింది. ఆదివారం అక్కడ స్తంభాల పని ఉండి పగలంతా కరెంటు లేదట, అందుకని ఇవాళ పొద్దున చూసుకున్నారట. పదకొండు మంది పిల్లలు ఇంజనీరింగ్ వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి, శుక్రవారం ఆఖరు.

రౌటర్‌ను అడిగాను, 10.20.6.1 కు దారి ఉందా అని. ఉందంది. జమ్మలమడుగు వైపు. ఎనిమిది ఊళ్ళ లైను కింద అది కూడా కనిపిస్తోంది. అంటే మా వైపు అంతా సరిగ్గా ఉన్నట్టే. మోడెం ఒకసారి ఆపి మళ్ళీ వేయండి అన్నాను.

పది నెలల అలవాటు. నోటికి అదే వచ్చింది.

జూలై 15. మంగళవారం

మధ్యాహ్నం లోపల మైమూన్ ఏడుసార్లు ఫోన్ చేసింది. ఆరోసారి, మోడెం ఆపి వేసి ఆపి వేసి నా స్విచ్చు బోర్డు అరిగిపోయింది మేడం, ఇంగ నువ్వే వచ్చి ఆపి వేసిపో అంది. ఏడోసారి ఏమీ తిట్టలేదు. పిల్లోల్లు ఈడే కూర్చోనుండారు, ఏం చెప్పమంటావో చెప్పు, అదే చెప్తా అంది. అది తిట్టు కన్నా ఎక్కువ తగిలింది.

ఒక దినం దాటిపోయింది. సార్‌కు ఇంకా తెలియదు. అజ్మతుల్లా గారికీ తెలియదు. వాళ్ళకు తెలిసేలోపు నేనే పోయి సరిచేసి వద్దామని, లైన్‌మన్‌ను కూడా అడగకుండా జమ్మలమడుగు బస్సెక్కాను. అక్కడ దిగి పల్లెల బస్సు ఎక్కాను. తుమ్మెదపల్లె ఒకటి ఇవ్వండి అన్నాను.

కండక్టర్ మిషన్ మీద నుంచి తలెత్తి నన్ను చూశాడు. ఆడికి టికెట్ కొట్టాలంటే పడవ తేవాల పాపా అన్నాడు. ముందు సీట్లలో ఇద్దరు నవ్వారు. నాకు అర్థం కాలేదు. పక్కన కూర్చున్న పెద్దామె చెప్పింది. ఐదేండ్ల కిందట గండికోట నీళ్ళు వచ్చి ఆ ఊరు మునిగిపోయింది, జనమంతా పులివెందుల దావలో కాలనీలో ఉండారు, నువ్వు యాడ పిల్లవు, నీకీ సంగతి తెలీదా అంది. ప్రొద్దుటూరు అని చెప్పడానికి సిగ్గేసింది.

బస్సు కదలకముందే దిగిపోయాను. బస్టాండు బల్ల మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ముంపు ఊళ్ళ గురించి పేపర్లో చదివాను. ఫోటోలు చూశాను. ఒక్క పేరూ గుర్తుపెట్టుకోలేదు.

అదే రోజు రాసేది ఇంకా ఉంది

అక్కడి నుంచి నేరుగా అజ్మతుల్లా గారి గదికి పోయాను. మెట్లెక్కుతూనే చెప్పేశాను. మీ లైను తప్పనుకుని వదిలేశాను సార్, తుమ్మెదపల్లెకు రెండు దినాలుగా నెట్ లేదు.

ఆయన కేకలు వేస్తారనుకున్నాను. కూర్చోమన్నారు. నీళ్ళిచ్చారు. తర్వాత అడిగారు, తప్పనిపించినాంక నన్ను ఒక మాట అడగలేదేం పాపా అని. మిమ్మల్ని తప్పు పట్టినట్టు ఉంటుందని అన్నాను. నన్ను కాపాడబోయి ఊరిని ముంచినావా అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు నవ్వు రాలేదు.

ఊరు ఖాళీ చేసే రోజు ఆఖరు బస్సులో ఆయన కూడా పోయారట. పంచాయతీ గది గోడ మీద నుంచి స్విచ్ పెట్టె విప్పి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చారట. కాలనీలో మళ్ళీ బిగించారు. కాలనీ పులివెందుల వైపు కాబట్టి, అక్కడి వాళ్ళతో మాట్లాడి అటు నుంచి వైరు లాగారు. వైరు మారింది కదా, నెంబరు కూడా పులివెందులది ఇస్తే సులువుగా ఉండేది కదా సార్ అన్నాను. ఉండేది అన్నారు. వాళ్ళ ఇండ్ల నెంబర్లు మారినాయి, మండలం మారింది, రేషన్ కార్డు మారింది, బస్సు మారింది. నా చేతిలో ఉండేది ఆ ఒక్క నెంబరే. అదన్నా అట్నే ఉండనీలే అనుకున్యా అన్నారు. ఏడో స్టాపులో దిగే ఊరు యాడికి పోయినా ఏడో స్టాపులో దిగే ఊరే కదమ్మా అన్నారు.

ఇప్పుడు నేను చేసింది నాకు పూర్తిగా కనిపించింది. ఎనిమిదీ జమ్మలమడుగు వైపే అని నేను ఒక్క లైనులో చెప్పాను. రౌటర్ నమ్మింది. ఆ కాలనీకి రావలసినవన్నీ, పిల్లల వెబ్ ఆప్షన్లు, ఎవరెవరి వీడియో కాల్సో, అన్నీ జమ్మలమడుగుకు వచ్చాయి. అక్కడ ఆరో నెంబరు ఊరు లేదు. కుదించిన లైను కింద లేని ఊరికి ఏదైనా వస్తే రౌటర్ దాన్ని Null0 అనే అడుగులేని గోతిలో పడేస్తుంది. చప్పుడు చేయదు. తప్పు అని కూడా చెప్పదు. రెండు దినాలు నేను వాళ్ళందరినీ నీళ్ళలో ఉన్న ఊరికి పంపాను. అసలు దారి చెప్పే లైను నేనే వదిలేశాను, పులివెందుల వైపు నుంచి అది వచ్చినా జొరబాటని ఆపేసేలా ఫిల్టర్ కూడా నేనే పెట్టాను.

ఆయన కుర్చీలోనే కూర్చుని ఆఫీసు రౌటర్‌లోకి వెళ్ళాను. తుమ్మెదపల్లె దారి పులివెందుల రౌటర్‌లో మళ్ళీ రాశాను. ఫిల్టర్‌లో దానికి ఒక్కదానికి అనుమతి ఇచ్చాను. ఎనిమిది ఊళ్ళ పెద్ద లైను అలాగే ఉంది. దానితో పేచీ లేదు. పెద్ద లైను ఒక మాట, ఒక్క ఊరి చిన్న లైను ఒక మాట చెబితే రౌటర్ చిన్నదాని మాటే వింటుంది. ఈ సంగతి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇవాళ తెలిసింది.

నిమిషం కూడా పట్టలేదు. మైమూన్‌కు ఫోన్ చేశాను. నేను మాట్లాడకముందే వెనక పిల్లల అరుపు వినిపించింది. మోడెం ఆపి వేయలేదు మేడం, దానంతట అదే వచ్చింది అంది. తప్పు నాది అని చెప్పాను. సరేలే, తిన్యావా అని అడిగింది.

నేను పొద్దున్నుంచి తినలేదు. ఆమెకు ఎలా తెలుసు.

జూలై 16. బుధవారం

సార్‌కు ఎవరో చెప్పారు. కేబిన్‌లో అజ్మతుల్లా గారిని ఫోన్ స్పీకర్ మీద పెట్టి అడిగారు. ఆయన తడుముకోకుండా, కరెంటు పని అయినాంక స్విచ్ లేవలేదప్పా, ముసలిది, నేనే పోయి లేపినా అన్నారు.

అచ్చం నేను ఆయన లైను గురించి చేసిందే ఆయన నా గురించి చేస్తున్నారు. అది నాకు నచ్చలేదు. నచ్చింది కూడా. స్విచ్ కాదు సార్, నేనే అన్నాను. మొదటి నుంచి చెప్పాను.

సార్ చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నారు. తర్వాత ఆ కాలనీకి పులివెందుల నెంబర్లు ఇచ్చేయమన్నారు. మూడు లైన్లు మూడుగానే ఉండాలి, హైదరాబాదు వాళ్ళయినా అదే చేస్తారు అన్నారు. ఇవ్వను సార్ అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందని నాకూ ఆశ్చర్యమే. ఎందుకివ్వవని అడిగితే, వాళ్ళకు మారనిది అదొక్కటే సార్ అన్నాను. నాలుగో లైనుతో రౌటర్‌కు బరువా అని అడిగారు. కాదన్నాను. మరి నన్నెందుకు అడుగుతాండావు అన్నారు. నేను అడగలేదు. ఆయనే అడిగారు. ఆ సంగతి ఎత్తలేదు.

షరతు మాట నేనే తెచ్చాను. ఒక దినం దాటింది కదా సార్ అని. స్పీకర్‌లో నుంచి అజ్మతుల్లా గారు, షరతు పెట్టింది నేను, కొట్టేసేది నేను, మధ్యలో మీదేంది పంచాయతీ అన్నారు.

రౌటర్ పని నాకే ఉంది. కానీ ఇక మీద పొద్దున పూట ఫోన్లు కూడా నేనే ఎత్తాలట. ఫోన్ ఎత్తేది మానేసినాకే నీకు చెవుడొచ్చింది పాపా అన్నారు సార్. శిక్ష అనుకుని ఇచ్చారు. నాకు శిక్షలా లేదు.

జూలై 18. శుక్రవారం

సెలవు పెట్టి తుమ్మెదపల్లెకు పోయాను. ఉన్న తుమ్మెదపల్లెకు. ఒకే రకం ఇళ్ళు, ఒకే రంగు నీళ్ళ ట్యాంకులు. మైమూన్ నా అంత వయసుదే. ఫోన్‌లో నలభై ఏళ్ళనుకున్నాను. నేను అరవై అనుకున్యా నిన్ను అంది. ఉగ్గాని, బజ్జీ తినిపించింది. పదకొండు మందివీ ఆప్షన్లు అయిపోయాయి. పదకొండు మందినీ వరసగా నిలబెట్టి నాకు చూపించింది, నేనేదో ఆఫీసర్ అయినట్టు. ఒక పిల్ల తనకూ నెట్‌వర్కుల పనే ఇష్టమని చెప్పి, వెంటనే మైమూన్ వెనక దాక్కుంది.

సెంటర్ గోడకు పాత బస్ స్టాప్ బోర్డు ఆనించి ఉంది. తుమ్మెదపల్లె అని పసుపు మీద నల్ల అక్షరాలు. ఊరి నుంచి తెచ్చుకున్నారట. ఆ బస్సు ఇక్కడికి రాదు కదా అన్నాను. రాదు, అయినా బోర్డు మాదే కదా అంది మైమూన్.

సాయంత్రం ఆఫీసుకు వచ్చి, ఆ నాలుగో లైనుకు పేరు రాసే చోట TUMMEDAPALLE, DO NOT REMOVE, ASK FIRST అని రాశాను. నా తర్వాత వచ్చేవాళ్ళ కోసం. నా కోసం కూడా.

జూలై 20. ఆదివారం. సాయంత్రం 5.30

గండికోట నీళ్ళ గట్టు. అజ్మతుల్లా చిచ్చా వెంట తీసుకొచ్చారు. ఇకమీద సార్ అనొద్దు, బాబాయిని పిలిచినట్టు చిచ్చా అనమన్నారు.

దూరంగా నీళ్ళలో ఒక కరెంటు స్తంభం తల మాత్రం కనిపిస్తోంది. ఆయన చెయ్యి చాచి, అదే అన్నారు.

ఫోన్‌లో ఆఫీసు నెట్‌వర్క్ కలిపి, ఉన్నావా అని ఊరిని పిలిచినట్టు, ping 10.20.6.1 అని కొట్టాను.

పలికింది. పదకొండు మిల్లీసెకన్లు.